చెప్పులు విడిచిన ఆదివారం

ఇన్నేళ్ళూ ఇది రాయకపోవడానికి మొదటి కారణం నాకు అక్షరాలు రాకపోవడం. కావలికీ సముద్రానికీ మధ్య, ఇసుక దిబ్బల పక్కన ఉండిన మిషను వారి కుష్ఠు ఆసుపత్రిలో ముప్పై నాలుగేళ్ళు కట్లు కట్టే పని చేశాను. హాజరు పుస్తకంలో ముప్పై నాలుగేళ్ళూ వేలిముద్రే వేశాను. పని మానిన రెండేళ్ళకు, మా వీధిలో ఉండే పంతులమ్మ ఒకామె పలక తెచ్చి నా ఒడిలో పెట్టింది. ఆమె కూడా బడి నుంచి రిటైరై ఊరికే కూర్చుని ఉంది. "అ" దిద్దడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. గుడ్డ చుట్టడం అలవాటైన చేతికి బలపం నిలిచేది కాదు. మూడో ఏటికి బైబిలు వాక్యం నా అంతట నేను చదువుకోగలిగాను.

చదువు వచ్చాక కూడా ఏడాది పైగా ఊరుకున్నాను. రాయడమంటూ మొదలుపెడితే ముందు ఏ సంగతి రాయాలో నాకు తెలుసు. అది వదిలి మిగతావి రాస్తే అన్నీ అబద్ధాలవుతాయి. ఇప్పుడు రాస్తున్నాను. తప్పులు పంతులమ్మ దిద్దింది. సంగతి మాత్రం దిద్దవద్దని చెప్పాను.

ఆసుపత్రి పనుల్లో కొత్తగా చేరే ఆడపిల్లల కోసం ఇది. ఎవరు పెద్దనర్సు అయ్యారు, ఏ కొత్త వార్డు ఎప్పుడు కట్టారు అన్నవి ఇందులో లేవు.

ఆ పని ఏమిటి

నేను చేరింది పంతొమ్మిది వందల యాభైల చివర్లో. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. నా పెనిమిటి జ్వరమొచ్చి పోయాడు. అల్లూరు వైపు పొలాల్లో నాట్లకు, కోతలకు పోతూ ఉండేదాన్ని. మా సంఘానికి వచ్చే పాదిరి గారు ఒకరోజు, "మరియమ్మా, ఏడాది పొడుగునా ఉండే పని ఒకటి ఉంది, కానీ ఎవరూ రావడం లేదు" అన్నారు. ఎవరూ ఎందుకు రావడం లేదో చేరిన రోజే తెలిసింది. పెద్దరోగం ఆసుపత్రిలో పని చేస్తానని తెలిసిన తరువాత మా వదిన నాకు చెంబుతో నీళ్ళివ్వడం మానేసింది. దోసిట్లో పోసేది.

ఆ రోగం గురించి జనం అనుకునేది తప్పు. రోగం వేళ్ళను తినదు. కాళ్ళకూ చేతులకూ స్పర్శ పోతుంది. నొప్పి తెలియదు. మనకు చెప్పులో చిన్న రాయి పడితే పది అడుగులు వెయ్యకముందే దులిపేస్తాం. వాళ్ళు ఆ రాయి మీద రోజంతా నడుస్తారు. పొయ్యి మీది గిన్నెను వట్టి చేత్తో దించుతారు. పుండు పడుతుంది, చీము పడుతుంది, ఎముక కుళ్ళుతుంది. మాత్రలు వాడి రోగం పోయినవాళ్ళకు కూడా పోయిన స్పర్శ తిరిగి రాదు. అందువల్ల వాళ్ళ నొప్పిని వేరే మనిషి చూసుకోవాలి. నా పని అదే.

పొద్దున బేసిన్లలో నీళ్ళు పోసి అరగంట కాళ్ళు నానబెట్టించాలి. గట్టిపడిన చర్మాన్ని రాయితో రుద్ది తియ్యాలి. నూనె రాయాలి. పుండ్లున్న వాళ్ళకు కట్లు మార్చాలి. సాయంత్రం అందరూ వసారాలో వరసగా కాళ్ళు చాపుకుని కూర్చుంటారు. ఒక్కొక్కరి పాదం అరచేతిలోకి తీసుకుని, వేళ్ళ సందులు విడదీసి చూసి, చేతి వెనక వైపుతో తడమాలి. లోపల దెబ్బ తగిలిన చోట చర్మం వేడిగా ఉంటుంది. ఆ వేడిని ఆ రోజే పట్టుకుంటే రెండు రోజులు మంచం మీద పడుకోబెడితే సరిపోతుంది. పట్టుకోకపోతే పుండు.

ఈ పని నేర్పింది పెద్దనర్సు సౌభాగ్యమ్మ గారు. రోగులు ఆమెను పెద్దమ్మ అనేవాళ్ళు. ఆమె నవ్వడం నేను రెండుసార్లే చూశాను. చేరిన వారంలో నన్ను కళ్ళు మూసుకోమని పదిమంది కాళ్ళు తడమమన్నారు. ఎవరిదీ వేడిగా లేదన్నాను. ఇద్దరి పాదాల్లో లోపల చీము ఉంది.

"నీ చెయ్యి ఇంకా మాట్లాడతా ఉంది మరియమ్మా. దాన్ని ఊరుకోబెట్టు. ఊరుకుంటే వినపడతది" అన్నారు.

ఆ మాట అర్థం కావడానికి నాకు ఆరు నెలలు పట్టింది. అంతకన్నా మంచి మాట ఆ తరువాత ఏ డాక్టరూ నాకు చెప్పలేదు.

నేను చెప్పించిన స్తోత్రాలు

చెయ్యి ఊరుకోవడం నేర్చుకుంది గానీ నా నోరు నేర్చుకోలేదు. ఆ రోజుల్లో నా భక్తికి గొంతు ఎక్కువ. ఆకలి, అవమానం చూసి వచ్చినదాన్ని. మూడు పూటలా తిండి, నెత్తిన పెంకుటిల్లు దొరికేసరికి దేవుడు నాకు చాలా చేశాడని గట్టిగా నమ్మాను. అది నిజమే. తప్పు ఎక్కడంటే, ఆ కృతజ్ఞత అందరి నోటా అదే మాటల్లో, అంతే గట్టిగా వినాలనుకున్నాను. కట్టు విప్పే ముందు, "స్తోత్రం చెప్పు, విప్పుతాను" అనేదాన్ని. పుండుతో ఉన్న మనిషి ఏం చేస్తుంది? చెప్పేది. నేను సంతోషపడేదాన్ని. ఫలానా వార్డులో అందరూ స్తోత్రం చెబుతారని పాదిరి గారు మెచ్చుకునేవారు.

పిల్లలూ, ఆ పని ఎప్పుడూ చేయకండి. మీ చేతిలో మందు ఉన్నప్పుడు ఎదుటి మనిషి చెప్పే స్తోత్రం దేవుడికి చేరదు. మీకే చేరుతుంది.

నాకు చెప్పనిది కోటమ్మ ఒక్కతే. అల్లూరు దగ్గర రైతు కుటుంబం. రెండేళ్ళ కూతురిని తల్లి దగ్గర వదిలిపెట్టి వచ్చింది. పెనిమిటి బండిలో తెచ్చి, గేటు దగ్గర దించి, లోపలికి రాకుండానే తిరిగిపోయాడు. మొదటి రోజు నేను స్తోత్రం చెప్పమంటే పాదం ముందుకు చాపి, "ముందు దీన్ని చూడక్కా. ఇది స్తోత్రం చెప్పే కాలో తిట్టే కాలో చూసినాక చెప్తా" అంది. వసారా అంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

ఆ తరువాత నాలుగేళ్ళు ఆమె పాదాలు నా చేతుల్లో ఉన్నాయి. తన షెడ్డు పక్కన సొరపాదు పెట్టింది. ఎవరి కాయ ఎవరు కోసుకున్నారని అందరితో పోట్లాడేది, చివరికి అందరికీ పంచేది. రెండో ఏడు ఒక సాయంత్రం, నేనేమీ అడగకుండానే ఇలా అంది: "మా ఇంట్లో నాకు కొట్టంలో పెట్టేవోళ్ళు. ఆకు కింద పెట్టి కట్టెతో నా దిక్కు నెట్టేవోళ్ళు. ఈడ మొదటి రోజు బంతిలో కూచోబెట్టి ఒడ్డిస్తే నాకు అన్నం దిగలా. ఇది ఎవురు చెప్పినారు ఈళ్ళకు, ఇట్టా చెయ్యమని? ఆయన ఎవురో నాకు తెలవాల." మరుసటి ఏడు బాప్తిస్మం తీసుకుంది. నేను చెప్పిన ప్రార్థనలకు అందులో వంతు లేదు. బంతి భోజనానికి ఉంది.

నాలుగో ఏట ఆమె పరీక్షలు వరసగా మూడుసార్లు శుభ్రంగా వచ్చాయి. రోగం లేదు, ఇంటికి పోవచ్చు. సౌభాగ్యమ్మ గారు జాబు రాయించారు. కోతలయ్యాక ఫలానా శనివారం వచ్చి తీసుకుపోతానని పెనిమిటి జవాబు రాయించాడు. కోటమ్మ ఆ కార్డును నాతో సహా అందరికీ చూపించింది. చదవడం మా ఇద్దరికీ రాదు. ఇద్దరం చాలాసేపు చూశాం.

కోత పండుగ

ఆ శనివారానికి రెండు వారాల ముందు ఆదివారం, రెండు మైళ్ళ దూరంలోని ఊళ్ళో కోత పండుగ ఆరాధన. సంఘంలోని వాళ్ళు కొత్త పంటలో మొదటి వరి పనలు, గుమ్మడికాయలు, కోళ్ళు, గుడ్లు, ఎవరికి కలిగింది వాళ్ళు తెచ్చి చర్చిలో బల్ల ముందు పెడతారు. మా ఆసుపత్రి వాళ్ళను ఆ చర్చిలోకి అప్పటిదాకా రానిచ్చేవాళ్ళు కాదు. మాకు ఆవరణలోనే ప్రార్థన షెడ్డు ఉండేది. ఆ ఏడు పాదిరి గారు సంఘ పెద్దలతో వాదించి, నయమైన మనిషి ఒకరు వచ్చి దేవుడు తనకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి ఒప్పించారు. ఎవరిని పంపాలని అడిగితే నేను కోటమ్మ పేరు చెప్పాను.

సౌభాగ్యమ్మ గారు నన్ను పిలిచి, "బండి చర్చి మెట్టు దాకా పోవాల. చెప్పులు కాళ్ళ నుంచి దిగకూడదు, లోపల కూడా. నేను పాదిరి గారికి చెప్పినాను" అన్నారు.

ఆ చెప్పుల సంగతి చెప్పాలి. స్పర్శ లేని కాళ్ళకని మా చెంచయ్య కుట్టేవాడు. అతను కూడా రోగిగా వచ్చి నయమై అక్కడే ఉండిపోయినవాడు. అడుగున మోటారు టైరు, పైన మెత్తటి రబ్బరు, మేకు అన్నది లేకుండా కుట్టిన వెడల్పాటి నల్లపట్టీలు. ఆ చుట్టుపక్కల అలాంటి చెప్పులు మా ఆసుపత్రి వాళ్ళే వేసుకునేవాళ్ళు. దూరం నుంచి కాళ్ళు చూసి జనం పక్కకు తప్పుకునేవాళ్ళు.

నేనూ కోటమ్మా ఎక్కిన బండి ఊరి మొదట్లోకి వచ్చేసరికి ఊరేగింపు కదులుతూ ఉంది. డప్పులు, పాటలు, ఆడవాళ్ళ నెత్తిన మొలగొలుకుల వరి పనలు. కోటమ్మ తన పాదున కాసిన సొరకాయలు రెండు ఒడిలో పెట్టుకుని, కొత్త చీరలో కూర్చుని ఉంది. నాకు ఎంత గర్వమో చెప్పలేను. ఇదిగో చూడండి, నా చేతుల్లో నయమైన మనిషి అని అందరికీ చూపించాలని ఉంది. అప్పుడు ఆ నల్లపట్టీలు నా కంట పడ్డాయి.

"చెప్పులు ఇడువు కోటమ్మా" అన్నాను.

"పెద్దమ్మ వొద్దన్నది గదక్కా."

"దేవుడి ఇంట్లోకి చెప్పులతో ఎవురన్నా పోతారా? మన పల్లెలో పెద్ద రైతు కూడా బయట ఇడిచి పోతాడు. ఈ ఒక్క పూటకు ఏం గాదులే."

ఆమె నా ముఖం ఒక క్షణం చూసింది. తరువాత వంగి పట్టీలు విప్పింది. చర్చి దగ్గర విడిచినా నలుగురూ చూస్తారని, ఆ జతను నేనే తీసి బండిలో ఎండుగడ్డి కింద దాచాను.

దేవుడి ఇంటి మర్యాద అన్నాను. అది నా నోటి మాట. మనసులో ఉన్నది సిగ్గు. నయమైన మనిషిని చూపించాలి, రోగం గుర్తు కనపడకూడదు. ఈ రెండు కోరికలను కలిపి భక్తి అని పేరు పెట్టుకున్నాను.

బండి దిగి ఊరేగింపులో కలిశాం. ఎవరో ఒక పన కోటమ్మ నెత్తిన పెట్టారు. వద్దనలేదు. బయటి మనిషి ఒకరు ఆమెను తాకి పన అందించడం నాలుగేళ్ళలో అదే మొదటిసారి. పొలం గట్టు వెంట, తుమ్మకంప కంచె పక్కగా చర్చి దాకా నడిచాం. సాక్ష్యంలో నాలుగే మాటలు చెప్పింది: "నేను తినేది అందరితో కలిసి తింటా ఉండా. నా బిడ్డ దగ్గిరికి పోతా ఉండా. ఈ సొరకాయలు నేను పెట్టిన పాదువి. ఆయనకు ఇద్దామని తెచ్చినా." ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నేను అందరికంటే గట్టిగా స్తోత్రం అన్నాను.

తిరుగు బండిలో కోటమ్మ చెప్పులు మళ్ళీ వేసుకుంది. సాయంత్రం తిరిగి వచ్చాక కాళ్ళు చూసే వేళ అయింది. వసారాలో అందరూ పండుగ కబుర్లు చెప్పమన్నారు. చెబుతూ కూర్చున్నాను. ఆ ఒక్క సాయంత్రం నేను ఎవరి పాదమూ పట్టుకోలేదు.

అబద్ధం

సోమవారం చూశాను. కోటమ్మ కుడి పాదం వేళ్ళ సందులో ఆవగింజంత నల్లచుక్క. తడిమితే చల్లగానే ఉంది. పొలం మట్టి అనుకుని నీళ్ళతో కడిగాను. పోలేదు. పుట్టుమచ్చేమో అనుకున్నాను. నాలుగేళ్ళుగా ఆ పాదం మీద పుట్టుమచ్చ లేదని నాకు తెలుసు. తెలిసీ అలా అనుకున్నాను.

గురువారానికి జ్వరం, గజ్జల్లో బిళ్ళ, పాదం కుండలా ఉబ్బింది. డాక్టరు గారు కోసి చూస్తే రెండంగుళాల తుమ్మ ముల్లు, నిలువునా లోపలికి పోయి ఉంది. చీము చీలమండ దాకా పాకింది.

సౌభాగ్యమ్మ గారు ముల్లును బేసిన్‌లో వేసి నా వైపు తిరిగారు. "చెప్పులు ఉండంగా ఇది ఎట్టా దిగింది?"

కోటమ్మ బల్ల మీద పడుకుని ఉంది. మెలకువగానే ఉంది. నేను ఆమె వైపు చూడకుండా, "నాకు తెలవదమ్మగారూ. జనంలో నేను ముందు పోయినా. తనే ఎక్కడన్నా ఇడిచినట్టుంది" అన్నాను.

పని పోతుందన్న భయం ఒకటి. ఆ ఆసుపత్రి విడిచి నేను పోగల ఇల్లు ఎక్కడా లేదు. కానీ భయం కంటే ముందు, నా మంచి పేరు నోరు తెరిచింది. ఆ పేరు కోసం ఒక రోగి మీద నా తప్పు వేశాను.

కోటమ్మ కళ్ళు మూసుకుంది.

వారం పైగా ఆమెను అందరూ తిట్టారు. "పెద్దమ్మ మాట ఇనకపోతే ఇంతే", "ఇంటికి పోయే ముందర ఈ పొగరెందుకు" అన్నారు. నేను అక్కడే కట్లు మారుస్తూ విన్నాను. రెండో వారం శుక్రవారం మోకాలి కింద కాలు తీసేశారు. ఊళ్ళో అప్పటికే ఇంకో మాట పుట్టింది: సాక్ష్యం చెప్పిన మనిషికి పెద్దరోగం మళ్ళీ తిరగబెట్టిందంట, కాలు కుళ్ళిపోయిందంట. ఇక మీదట ఆసుపత్రి వాళ్ళెవరూ చర్చి గడప తొక్కకూడదని సంఘ పెద్ద పాదిరి గారికి చెప్పేశాడని శుక్రవారం సాయంత్రం తెలిసింది.

మరునాడే ఆ శనివారం. పెనిమిటి రావలసిన రోజు.

కోటమ్మ అన్న మాటలు

శనివారం పొద్దున ఆమెకు గంజి పట్టుకుపోయాను. నాలుగు గుక్కలు తాగింది. గ్లాసు తీసుకున్నాను గానీ లేవలేకపోయాను.

"నేను అన్న మాట ఇన్నావు గదా" అన్నాను.

"చెవులు బాగానే ఉండాయి గదక్కా. పోయింది కాలు."

"ఎందుకు చెప్పలా?"

"చెప్తే నిన్ను పంపేస్తారు. నువ్వు పోతే ఈళ్ళందరి కాళ్ళు ఎవురు చూస్తారు? కొత్తది వొచ్చి ముక్కు మూసుకోని దూరం నుంచి చూస్తది." కాసేపు ఊపిరి తీసుకుంది. "నువ్వంటే ప్రేమతో ఊరుకున్నా అనుకోబాక. నీ మీద కోపంగానే ఉండా."

"దేవుడి మీద?"

"దేవుడు చెప్పులు ఇడవమన్నాడా? నువ్వు గదా."

ఆమె పైకప్పు వైపు చూస్తూ, తనతో తాను చెప్పుకున్నట్టు అంది: "నాకు ఇంటికి పోవాలని ఉంది. ఒక కాలితోనే. నా బిడ్డ తలకు నూనె పెట్టాల. చేతులు ఉండాయి. చేతుల్లో ఇంకా స్పర్శ కూడా ఉండాది, ఎడం చిటికెన వేలు తప్ప. రోజూ పొద్దున్నే వేళ్ళు లెక్క పెట్టుకోని ఒక్కొక్క దానికి స్తోత్రం చెప్తా. ఈ రోజు కూడా చెప్పినా. నీకు ఇనపడకుండా చెప్తాలే. ఇంటే నువ్వు గట్టిగా అందుకుంటావు."

ముప్పై నాలుగేళ్ళలో ఎన్నో ప్రసంగాలు విన్నాను. తృప్తి అంటే ఏమిటో ఆ మంచం పక్కన తెలిసింది. అది పోయినదాన్ని మరిచిపోవడం కాదు. నా మీద కోపం ఆమెకు పోలేదు, కాలు పోయిన దుఃఖం పోలేదు. అవి రెండూ అలా ఉండగానే ఆమె తన దగ్గర మిగిలినదాన్ని చూసుకుని, ఇచ్చినవాడెవరో మరిచిపోలేదు. నేను అన్నీ ఉండి చూసుకోలేదు. కాబట్టే నా మంచి పేరు కాపాడుకోవడానికి అంత కష్టపడ్డాను.

మధ్యాహ్నానికి పెనిమిటి వచ్చాడు. ఈసారి గేటు దాటి వార్డు వసారా దాకా వచ్చాడు. బండిలో పరుపు కూడా వేసుకుని వచ్చాడు. సౌభాగ్యమ్మ గారు జరిగింది చెప్పారు. అతను వింటూ వింటూ వెనక్కి జరిగాడు.

"ముల్లా? ముల్లు గుచ్చుకుంటే మనిషికి తెలవదా అమ్మా? దార్లో ఊళ్ళో చెప్పినారు నాకు. రోగం తిరగబెట్టింది. మీరు దాస్తా ఉండారు. నాకు బిడ్డ ఉండాది. నేను తీసకపోలేను."

"రోగం లేదయ్యా. చెప్పులు ఇడిచి నడిచింది, అంతే" అన్నారు ఆమె.

"ఎవురు చూసినారు?"

లోపల మంచం మీద ఉన్న కోటమ్మకు అన్నీ వినపడతాయి. అతను అప్పటికే తుండు భుజాన వేసుకుని మెట్టు దిగుతున్నాడు.

"నేను చూసినా అయ్యా" అన్నాను. "చెప్పులు ఇడిపించింది నేను. ఆమె వొద్దన్నది. గడ్డి కింద దాచింది నేను. ముళ్ళకంప పక్కన నడిపించింది నేను. ఆ సాయంత్రం చూడాల్సిన కాలు చూడలా. పెద్దమ్మ అడిగితే అబద్ధం చెప్పినా. ఆమె తప్పు గాదు, రోగం గాదు."

అతను మెట్టు మీద ఆగిపోయాడు. నన్ను, సౌభాగ్యమ్మ గారిని మార్చి మార్చి చూశాడు. "ఇది నువ్వు ఈడ నా ముందర చెప్తే ఏం లాభం? ఊళ్ళో అందరూ ఇంకో రకంగా చెప్తా ఉండారు. నేను ఇంటికి తీసకపోతే మా వాళ్ళు వాళ్ళ మాటే ఇంటారు గానీ నీ మాట ఇంటారా?" అన్నాడు. ఆ రోజు మాత్రం తిరిగిపోలేదు. ఎద్దులు విప్పి, గేటు బయట వేపచెట్టుకు కట్టేశాడు.

సౌభాగ్యమ్మ గారు చాలాసేపు చేతులు కడుక్కున్నారు. నేను వెనక నిలబడి, నన్ను పనిలోంచి పంపేయమని అడిగాను.

"పంపేస్తే నీకు తేలిక" అన్నారు. "తప్పు చేసినా, శిక్ష పడింది, సరిపోయింది అనుకుంటావు. నాకు అట్టా సరిపోదు. రేపు ఏం చెయ్యాల్నో అతను చెప్పినాడు గదా. ఇన్నావా, లేదా నీ చెయ్యి ఇంకా మాట్లాడతా ఉందా?"

కోటమ్మ ఎనిమిది నెలల తరువాత కట్టెకాలు పెట్టించుకుని ఇంటికి పోయింది. తీసుకుపోయింది అతనే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే చదివేవాళ్ళు దాని కోసం చూస్తూ ఉంటారు, నేను అక్కడిదాకా రాయడం లేదు. నా మీద ఆమె కోపం పూర్తిగా పోయిందని చెప్పలేను. పోయేటప్పుడు పాదు నాకు అప్పజెప్పి, కాయ ముదరనివ్వకుండా కోయమని మూడుసార్లు చెప్పింది.

ఈ పనిలో చేరేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇదే. రోగి మీద మీకు జాలి ఉండవచ్చు, ప్రేమ ఉండవచ్చు, భక్తి ఉండవచ్చు. వాటికంటే ముందు ఆమె పాదం చూడండి. ఆమెకు నయం కావడం మీరు చూపించుకోవడానికి కాదు. మీ దేవుడికి ఆమె సాక్ష్యంతో పని పడలేదు, మీ నిజంతో పని పడవచ్చు.

మరుసటి ఉదయం

అతను వచ్చిన మరునాడు, ఆదివారం పొద్దున కాళ్ళు నానబెట్టే పని పూర్తి చేసి చెంచయ్య దగ్గరికి పోయాను. నాకు సరిపోయే చెప్పులు కావాలన్నాను.

"నీ కాళ్ళకేమైంది?"

"ఏం గాలా. చర్చికి పోవాల."

అతను కుట్టి పెట్టిన వాటిలో ఒక జత తీసి, నా మడమలకు పట్టీలు బిగించి కట్టాడు. కొంచెం పెద్దవి.

కోటమ్మ పెనిమిటి వేపచెట్టు కింద కూర్చుని ఉన్నాడు. "రా అయ్యా, నీ చెవులతో ఇను" అన్నాను. బండి కట్టలేదు. నాకు పది అడుగుల వెనక నడిచి వచ్చాడు. ఇసుకలో ఆ చెప్పులు బరువుగా పడుతున్నాయి. ఊరి మొదట్లో నీళ్ళకు పోయే ఆడవాళ్ళు నా కాళ్ళు చూసి బిందెలు చంక మార్చుకుని పక్కకు తప్పుకున్నారు. నన్ను చూసి ఒకరు తప్పుకోవడం నాకు కొత్త కాదు. అయినా ముఖం వేడెక్కింది.

చర్చి మెట్ల పక్కన చెప్పులన్నీ వరసగా విడిచి ఉన్నాయి. నేను ఆగకుండా గడప దాటాను. వెనక చాప మీద ఉన్న సంఘ పెద్ద లేచాడు.

"ఏందమ్మా ఇది, చెప్పులతోనా? ఇది దేవుడి ఇల్లు."

"అవునయ్యా. ఆయనకే చెప్పాల్సిన పని ఉంది, మీరూ ఇనండి" అన్నాను.

పాట ఆగిపోయింది. పాదిరి గారు నా కాళ్ళు చూశారు, కూర్చోమని అనలేదు, వద్దనీ అనలేదు. గడప అవతల కోటమ్మ పెనిమిటి ఒక చెయ్యి తలుపుకు ఆనించి నిలబడ్డాడు. ఆడవాళ్ళ చాపల మధ్యగా ముందుకు నడిచాను. అక్కడ, రెండు వారాల కిందట కోటమ్మ సొరకాయలు పెట్టిన బల్ల ముందు నిలబడి, వాళ్ళ వైపు తిరిగాను. స్తోత్రంతో మొదలుపెట్టడం అలవాటు. ఆ రోజు మొదలుపెట్టలేదు.

"కోటమ్మకు రోగం తిరగబెట్టలా. ఆమె చెప్పులు గడ్డి కింద దాచింది నేను" అన్నాను.